సంఘం పెట్టుకున్నాక పార్టీని పట్టుకోవాలా వద్దా? దూబగుంట సంగతేంటి?

పెన్నాతీరం:
మా కాలనీలో మంచినీళ్ల కోసం ఆడవాళ్లు సంఘం పెట్టుకుంటున్నారు, ఏదో ఒక పార్టీ అండ లేకపోతే పనవ్వదని సగం మంది గొడవ. నేనైతే వద్దంటా. హన్నా ఆరెంట్ అనే తత్వవేత్త ఏమంటుందంటే అధికారం ఏ ఒక్కరి సొత్తూ కాదు, జనం కలిసి కదిలినంతసేపే ఉంటది, చెదిరిపోతే అదీ పోతది అని. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా మీద తిరగబడ్డ రోశమ్మ వెనక ఏ పార్టీ ఉంది? అక్షరాలు దిద్దుకునే ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు, అది నెల్లూరు జిల్లా అంతా పాకి సారా వేలంపాటలే జరగనివ్వలేదు, 1993 అక్టోబర్‌కి రాష్ట్రమంతా సారా బంద్.

గుండ్లకమ్మ:
అన్నా, సగం కథే చెప్పారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చిందంటే ఎన్టీఆర్ ఎలక్షన్లో మాటిచ్చాడు కాబట్టి, అంటే పోరాటం ఓటయింది కాబట్టి. 1997లో ఖజానా ఖాళీ అని ఎత్తేస్తుంటే అడ్డం నిలబడే బలం ఆ ఆడవాళ్లకి సర్కారు లోపల ఎక్కడుంది? పైగా ఊరు ఒక్కటిగా ఉంటదని మీరు ఎట్లా అనుకుంటున్నారు? 1948లో రాజ్యాంగ సభలో అంబేద్కర్ ఊరంటేనే సంకుచితత్వం, అజ్ఞానం అని మొహం మీద చెప్పాడు. ఊళ్లో నలుగురూ కూర్చుంటే చివరికి చెల్లేది భూమి ఉన్నోడి మాటే, కూలోళ్లకి చట్టమే దిక్కు.

కావలి_అమ్మాయి:
ఇద్దరికీ ఒక మాట. మాది కావలి వైపు పల్లె, మా అమ్మ ఆ సారా పోరాటంలో ఉంది. నాన్న కూలి డబ్బులన్నీ సారా ప్యాకెట్లకే పోయేవి. కొంగున కారప్పొడి మూటగట్టుకుని కొట్టు ముందు కూచున్నారంట, ప్యాకెట్లు చింపి కాలవలో పోస్తే రెండ్రోజులు ఆ వాసన పోలేదని ఇప్పటికీ చెబుద్ది. వాళ్లకి ఆ ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందంటే రాత్రి బడి నుంచి. రోజూ లాంతరు చుట్టూ కూచుని పలక పక్కన పెట్టి ఎవరింట్లో ఏం జరిగిందో చెప్పుకునేవాళ్లు. తర్వాత బడి ఆగిపోయింది, పొదుపు లక్ష్మి అని ఆడవాళ్ల పొదుపు సంఘం వచ్చింది, రోజుకో రూపాయి దాచుకోవాలి. మంచిదే, మా ఫీజులు కట్టింది అందులోంచే, కానీ మా ఊళ్లో అక్కడ మాటంతా కంతు కట్టావా లేదా అనే. బ్రాందీ షాపు మళ్లీ తెరిచిన రోజు అమ్మావాళ్లు కూచుని మాట్లాడుకోడానికి చోటే లేదు. పార్టీ ఉందా లేదా అని కాదండి, నేను చూసింది ఇది.

గుండ్లకమ్మ:
చోటుంటే మాత్రం షాపు ఆగేదా అక్కా? లైసెన్సు ఇచ్చేది సర్కారే కదా, నేనింకా ఒప్పుకోను.

పెన్నాతీరం:
అక్కా, ఆదివారం మీటింగులో ఇదే అడుగుతా, నీళ్లొచ్చాక కూడా వారం వారం కూచుంటామా అని. దానికి ఒప్పుకుంటేనే కౌన్సిలర్ దగ్గరికి ఎవరు పోవాలో తేల్చుకుందాం.