అప్‌డేట్: చిన్నాన్న వాళ్లతో గట్టు తగాదా

దేవరకొండ దగ్గర పొలం గట్టు విషయంలో చిన్నాన్న కుటుంబంతో మాటలు తెగిపోయాయి, కేసు కోర్టులో ఉంది, రాజీ ఎలా మొదలుపెట్టాలని అడిగాను కదా. ‘పంచాయితీ తర్వాత, ముందు చిన్న చిన్న పనులు చేయండి’ అన్న సలహానే పనికొచ్చింది.

ఎండాకాలంలో మా బోరు నీళ్లు వాళ్ల బత్తాయి తోటకు వదిలాం. చిన్నమ్మ పలకరించింది. చిన్నాన్న మొండిఘటం: దసరాకు జమ్మి ఆకు చేతిలో పెట్టి కాళ్లకు మొక్కితే తీసుకున్నారు గానీ నోరు విప్పలేదు! సర్వేయరు హద్దులు కొలిచిన రోజున మాత్రం తానే అందరికీ టీ తెప్పించారు.

చివరికి లోక్ అదాలత్‌లో రాజీపడ్డాం. 1987 నాటి లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం ప్రకారం ఆ అవార్డు (అక్కడ ఇచ్చే రాజీ ఉత్తర్వు) సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు ఉండదు. కట్టిన కోర్టు ఫీజు కూడా వెనక్కి వస్తుంది. ఉమ్మడి బావి వాటాలు ఇంకా తేలలేదు, సంక్రాంతి తర్వాత కూర్చుందామన్నారు.