పప్పు పెడితే కుక్కర్ చిమ్ముతోంది, ఇప్పుడు సేఫ్టీ వాల్వ్ కూడా పోయింది

ప్రశ్న (కొత్త వంటిల్లు):
మూడు లీటర్ల అల్యూమినియం కుక్కర్, మూత బయటి నుంచి పట్టే రకం. రెండు గ్లాసుల కందిపప్పు, ఆరు గ్లాసుల నీళ్లు నేరుగా అందులోనే పోస్తాం. విజిల్ వచ్చినప్పుడల్లా పచ్చటి నురుగు గోడ దాకా చిమ్ముతోంది. ఈమధ్య విజిల్ రావడం కూడా ఆలస్యమవుతోంది. నిన్న విజిల్ రాకుండానే సేఫ్టీ వాల్వ్ తుస్సుమని పోయింది. గాస్కెట్ మార్చి మూడేళ్లయింది. వాల్వ్ ఒక్కటీ మారిస్తే చాలా? కొత్తది దొరికేదాకా ఆ రంధ్రాన్ని ఎంసీల్‌తో మూయొచ్చా?

జవాబు (సామాన్ల కొట్టు):
ఎంసీల్ వద్దు. ఎంసీలే కాదు, మైనం, చింతపండు, బోల్టు, ఏదీ పెట్టి మూయొద్దు. ఆ వాల్వ్ మధ్యలో ఉండేది తక్కువ వేడికే కరిగే మిశ్రమ లోహం. లోపలి వేడి హద్దు దాటితే అది కరిగి ఆవిరికి దారి ఇస్తుంది. అంటే మీ వాల్వ్ చెడిపోలేదండీ, దాని పని అది చేసింది. అక్కడ గట్టిగా ఏదైనా బిగిస్తే ఈసారి ఆవిరి మూతనే లేపుతుంది. ఇంటి కుక్కర్లలో ప్రెషర్ చదరపు సెంటీమీటరుకు దాదాపు 1 కిలో ఉంటుంది. మూత అడ్డం 18 సెంటీమీటర్లు అనుకుంటే మొత్తం మీద 250 కిలోల తోపు. ఇది మామూలుగా ఉడుకుతున్నప్పటి లెక్క.

సేఫ్టీ వాల్వ్ ఎగరడానికి కారణాలు ఎక్కువగా రెండే. లోపల నీళ్లు ఇంకిపోవడం, లేదా విజిల్ కూర్చునే గొట్టం మూసుకుపోవడం. మీది రెండోది. విజిల్ ఆలస్యమవుతోందని మీరే రాశారు కదా. మూత తీసి, ఆ గొట్టంలోంచి వెలుతురు వైపు చూడండి. గుండ్రంగా, శుభ్రంగా వెలుగు కనపడాలి. లేకపోతే పిన్నీసుతో పొడిచి, కుళాయి ధార కింద పట్టి కడగండి. వెయిట్ లోపలి రంధ్రం కూడా చూడాలి, చాలామంది దాన్ని మర్చిపోతారు.

వాల్వ్, గాస్కెట్ రెండూ మీ కంపెనీవే, మీ లీటర్లకు సరిపడేవే తీసుకోండి. కొలత సరిపోయింది కదా అని వేరేవి వేస్తే ఎంత వేడికి కరుగుతాయో మనకి తెలీదు. గాస్కెట్ ఏడాదికోసారి మార్చాలి. వంచి చూస్తే సన్నటి పగుళ్లు కనపడినా, గట్టిపడినా ఏడాది దాకా కూడా ఆగొద్దు. ఫ్రీజర్లో పెడితే బిగుస్తుందంటారు గానీ, అది ఆ పూటకే.

జవాబు (పప్పన్నం):
వాల్వ్ సంగతి పైన చెప్పేశారు. గొట్టం ఎందుకు మూసుకుపోతోందో నేను చెప్తాను. మీ గ్లాసు పావు లీటరు అనుకుంటే, పప్పూ నీళ్లూ కలిపి రెండు లీటర్లు. మూడు లీటర్ల కుక్కర్లో అది మూడింట రెండు వంతులు. చారుకి, మాంసానికి అంత వరకు సరే. అన్నానికి సగం, పప్పుకి మూడో వంతు దాటొద్దు. పప్పు నురుగు కడుతుంది. ఆ నురుగు తొక్కల్ని మోసుకుని గొట్టంలోకి ఎక్కి, అక్కడే ఎండిపోతుంది. కాబట్టి ఆ కుక్కర్లో ఒక్కసారికి ఒక గ్లాసు పప్పు, మూడు గ్లాసుల నీళ్లే.

అరగంట నానబెట్టి, ఆ నీళ్లు వంచేసి, కుక్కర్లో మూత లేకుండా మరిగించండి. తెల్లటి నురుగు పైకి తేలుతుంది. గరిటెతో తీసేశాక చెంచా నూనె, పసుపు వేసి మూత పెట్టండి. వెయిట్ అప్పుడే పెట్టొద్దు. గొట్టంలోంచి ఆవిరి ఆగకుండా ధారగా వస్తుంటే అప్పుడు పెట్టాలి. దారి తెరిచే ఉందన్న పరీక్ష కూడా అక్కడే అయిపోతుంది. మొదటి విజిల్ రాగానే మంట సన్నగా చేయండి. పెద్ద మంట మీద పెడితే లోపల వేడి ఏమీ పెరగదు, ఎలాగూ 120 డిగ్రీల దగ్గరే ఉంటుంది. వృథా అయ్యేవి గ్యాసూ నీళ్లే. చింతపండు, టమాటా ముందే వేస్తే పప్పు మెత్తబడదు. అప్పుడు మీరు ఇంకో నాలుగు విజిల్స్ పెట్టిస్తారు, నీళ్లు ఇంకిపోతాయి.

చిమ్మడమే వద్దనుకుంటే గిన్నెలో పెట్టి ఉడికించండి. కుక్కర్ అడుగున మొదటి పది నిమిషాలకు పావు లీటరు నీళ్లు, ఆపైన ప్రతి పది నిమిషాలకు అందులో సగం. తక్కువైతే అడుగు మాడుతుంది, మళ్లీ వాల్వ్ ఎగురుతుంది.

జవాబు (స్టవ్ రిపేరు):
మూత తీసేటప్పటి జాగ్రత్త ఎవరూ చెప్పలేదు. పప్పు పెట్టినప్పుడు గరిటెతో వెయిట్ ఎత్తి ఆవిరి వదిలే అలవాటు మానండి. ప్రెషర్ ఒక్కసారి పడిపోతే లోపలి పప్పు భగ్గున పొంగి గొట్టంలోంచే వస్తుంది. స్టవ్ ఆపి పది, పదిహేను నిమిషాలు వదిలేయండి. తర్వాత వెయిట్ కొంచెం కదిపి చూడండి. బుస్‌మని శబ్దం వస్తే ఇంకా ఆగాలి. మూత పిడి బిగుసుకుపోతే లోపల ఇంకా ప్రెషర్ ఉందని అర్థం, చేత్తో బలవంతం చేయొద్దు. కొన్ని మూతల అంచున పొడుగు కిటికీ ఉంటుంది, ప్రెషర్ మరీ ఎక్కువైతే గాస్కెట్ అందులోంచి ఉబికి ఆవిరి వదులుతుంది. ఆ వైపు గోడకి ఉండేలా పెట్టుకోండి, మీ వైపుకి కాదు.

కొత్త వంటిల్లు:
గొట్టంలో వెలుతురే లేదండీ. పిన్నీసు పెడితే ఎండిన పసుపు పొర గడ్డలా ఊడి వచ్చింది. వాల్వ్, గాస్కెట్ రేపు తెస్తాను. వేశాక నేరుగా పప్పు పెట్టేయొచ్చా?

సామాన్ల కొట్టు:
ముందు ఉట్టి నీళ్లతో చూడండి. అర లీటరు పోసి, మూత బిగించి, ఆవిరి ధారగా వచ్చాక వెయిట్ పెట్టండి. అంచుల్లోంచి ఆవిరి కారకుండా విజిల్ రావాలి, సేఫ్టీ వాల్వ్ చుట్టూ చెమ్మ ఉండకూడదు. వాల్వ్ పక్కన చుక్కలు కనపడితే స్టవ్ ఆపి, చల్లారాక వాల్వ్ నట్టు బిగించండి. అంచు కారితే గాస్కెట్ కొలత తేడా, కొట్లో మార్చి తెచ్చుకోండి.