పిల్లలకి మాయాబజార్: నలుపు-తెలుపు ప్రతా, రంగుల ప్రతా?

పటమట_పుస్తకాలగది:
దసరా సెలవుల్లో మా అపార్ట్‌మెంట్ హాల్లో పిల్లలకి మాయాబజార్ వేద్దామనుకుంటున్నాం. 60 మంది దాకా వస్తారు, ఎనిమిదేళ్ళ నుంచి పదిహేనేళ్ళ వాళ్ళు. పెద్దవాళ్ళు వెనక కూర్చుంటారు. తెర 8 అడుగుల వెడల్పు, నాలుగున్నర అడుగుల ఎత్తు. 1957 నాటి నలుపు-తెలుపు ప్రతి వేయాలని సగం మంది, 2010లో వచ్చిన రంగులది వేయాలని సగం మంది. దర్శకుడు కె.వి.రెడ్డి గారూ కెమెరామన్ మార్కస్ బార్ట్‌లీ గారూ పడ్డ కష్టం పిల్లల కంటికి ఆనాలన్నది మాత్రం అందరి కోరికా. ఏది వేయాలో, ఎందుకో చెప్పండి.

గాంధీనగర్_రీలుపెట్టె:
నలుపు-తెలుపే వేయండి. రంగుల సంగతి తర్వాత, ముందు చట్రం చూడండి. ఆ సినిమా తీసింది 1.37 నిష్పత్తిలో. అంటే వెడల్పు ఎత్తుకి 1.37 రెట్లే; ఇప్పటి తెరల కన్నా ఎత్తు ఎక్కువగా, చదరానికి దగ్గరగా ఉండే బొమ్మ. 2010లో రంగులు వేసి, శబ్దాన్ని డీటీఎస్ (చాలా స్పీకర్ల నుంచి వచ్చే పద్ధతి) చేసి, దాంతోపాటు బొమ్మని స్కోప్ (బాగా వెడల్పు చట్రం) కూడా చేశారు. 1.37 బొమ్మతో 2.35 స్కోప్ చట్రమంతా నింపాలంటే రెండే దారులు: అడ్డంగా సాగదీయాలి, లేదా పైనా కిందా కోయాలి. వెడల్పు అంతా ఉంచి కోస్తే ఎత్తులో 42 శాతం పోతుంది. మీ చేతిలో ఉన్న రంగుల ప్రతి టీవీ కోసం 16:9లో చేసినదైనా 23 శాతం పోతుంది.

ఎస్వీ రంగారావు గారు ఘటోత్కచుడిగా నిలబడితే తల మీద కిరీటం నుంచి కింద పాదం దాకా ఒకే చూపులో కనపడాలి. ఆ నిలువెత్తు ఆకారంతోనే ఆయన సగం నటించారు. గోఖలే, కళాధర్ గార్లు వేసిన సెట్లలో స్తంభాలూ తోరణాలూ ఉండేది పైభాగంలో. కోత పడేది సరిగ్గా అక్కడే.

బ్రాడీపేట_4వలైను:
రీలుపెట్టె గారూ, లెక్క కాదనను. కానీ చూసేది ఎనిమిదేళ్ళ పిల్లలండీ. సినిమా 184 నిమిషాలు. వాళ్ళు ఎదురుచూసే ఘటోత్కచుడు వచ్చేది గంట దాటాక. అప్పటిదాకా బూడిదరంగు బొమ్మ ముందు కూర్చోబెడితే మొదటి అరగంటలోనే నీళ్ళు తాగొస్తామని సగం మంది లేస్తారు. లేచినవాళ్ళకి బార్ట్‌లీ గారి వెలుగునీడలు ఎక్కడ కనిపిస్తాయి? రంగు చూసి కూర్చుంటే కథలో పడతారు. కథలో పడ్డవాళ్ళు పెద్దయ్యాక అసలు ప్రతి వాళ్ళే వెతుక్కుంటారు.

ఇంకో మాట. తెలుగులో మొదటి పూర్తి రంగుల సినిమా లవకుశ, 1963లో. మాయాబజార్ అంతకు ఆరేళ్ళ ముందుది. నలుపు-తెలుపు వాళ్ళు కోరుకున్నది కాదు, అప్పటికి దొరికింది.

కాలవగట్టు:
దొరకలేదనడం పొరపాటండీ. 1956లోనే తమిళంలో ‘అలీబాబావుం 40 తిరుడర్గళుం’ గేవాకలర్ అనే రంగుల ఫిల్ము మీద వచ్చింది. రంగుల ఫిల్ము ఉంది, కానీ ఖరీదు ఎక్కువ, వెలుతురు విపరీతంగా కావాలి.

ఎందుకు నలుపు-తెలుపులో తీశారన్నది ఎలా ఉన్నా, ఆ నిర్ణయం జరిగాక మేకప్పు, బట్టలు, నగలు, దీపాలు అన్నీ బూడిదఛాయల లెక్కతోనే కుదురుస్తారు. నలుపు-తెలుపు ఫిల్ము మీద ఒక ఎరుపూ ఒక ఆకుపచ్చా ఒకే ఛాయలో పడొచ్చు. అందుకని మనిషినీ వెనక గోడనీ రంగుతో కాక వెలుగుతో విడదీస్తారు: భుజాల వెనకనుంచి ఒక దీపం, జుట్టు అంచున సన్నటి తెల్ల గీత. తర్వాత రంగు వేసేవాళ్ళకి ఆ చీర అసలు రంగేమిటో ఫిల్ములో దొరకదు, ఊహించాల్సిందే. మొహానికి ఒకే చర్మపు రంగు పరిస్తే బుగ్గ మీద బార్ట్‌లీ గారు వదిలిన నీడ మరకలా కనిపిస్తుంది. ‘లాహిరి లాహిరి’ పాటలో వెన్నెలంటే తెలుపులో పది మెట్లు. దాని మీద నీలం పూస్తే ఆ మెట్లు కలిసిపోతాయి.

బ్రాడీపేట_4వలైను:
అయితే మధ్యేమార్గం: రంగుల ప్రతి తెచ్చి ప్రొజెక్టర్‌లో కలర్ సున్నా చేయండి. బొమ్మ శుభ్రంగా ఉంటుంది, నలుపు-తెలుపూ వస్తుంది.

కాలవగట్టు:
రాదు. కోసేసిన 42 శాతం కలర్ తగ్గిస్తే తిరిగి రాదు కదా! పైగా రంగులు వేసేటప్పుడు వెలుగునీ సర్దుతారు. రంగు తీసేశాక మిగిలేది ఆ సర్దిన వెలుగు. అది ఫిల్ము మీద ఉన్నది కాదు.

బ్రాడీపేట_4వలైను:
సరే, ఇది వదిలేశాను. కానీ తెర సంగతి చూడండి. 8 అడుగుల తెర మీద 1.37 బొమ్మ 6 అడుగుల 2 అంగుళాలే వస్తుంది. అటూ ఇటూ ఖాళీ. స్కోప్ అయితే 8 అడుగులూ నిండుతుంది.

గాంధీనగర్_రీలుపెట్టె:
వెడల్పు నిండుతుంది, ఎత్తు తగ్గుతుంది. స్కోప్ ఎత్తు 3 అడుగుల 5 అంగుళాలు, అంటే సుమారు 27 చదరపు అడుగులు. పాత నిష్పత్తిలో నాలుగున్నర అడుగుల ఎత్తూ నిండి దాదాపు 28 వస్తుంది. మొత్తం మీద బొమ్మ చిన్నదవదు.

అయితే మీ మాటలో ఒక నిజం ఉంది, అది చెప్పకపోతే తప్పు. కోసిన ప్రతిలో మొహాలు 30 శాతం పెద్దగా పడతాయి. చివరి వరసకి అది తేడానే. అందుకే పుస్తకాలగది గారూ, నలుపు-తెలుపు వేస్తే చివరి కుర్చీ తెరకి 25 అడుగులు దాటనివ్వకండి. పిల్లల్ని ముందు చాపల మీద కూర్చోబెట్టండి. తెరకి రెండు వైపులా 11 అంగుళాల చొప్పున మిగిలే ఖాళీ మీద మెరుపు లేని నల్ల గుడ్డ వేలాడదీయండి. ప్రొజెక్టర్ వెలుగు పడి బూడిదగా తోచే ఆ పట్టీలు కనపడకపోతే బొమ్మలో నలుపు గాఢంగా తోస్తుంది.

ప్రొజెక్టర్ డైనమిక్ మోడ్‌లో వదిలేస్తే తెలుపులో ఆకుపచ్చ జీర వస్తుంది. సినిమా మోడ్ పెట్టండి. అద్దెకి తెచ్చేటట్టయితే 3ఎల్‌సీడీ రకం అడగండి. తిరిగే రంగుల చక్రం ఉన్న డీఎల్‌పీ అయితే నలుపు-తెలుపు బొమ్మలోనే ఇంద్రధనుస్సు మెరుపులు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి, కొంతమందికి తలనొప్పి కూడా. ఆస్పెక్ట్ (బొమ్మ నిష్పత్తి) సెట్టింగు దగ్గర ‘ఫుల్’, ‘జూమ్’ వద్దు, బొమ్మ సాగుతుంది లేదా కోత పడుతుంది.

అరండల్‌పేట_సౌండు:
అందరూ బొమ్మ గురించే మాట్లాడుతున్నారు. మాటలు రాసిన పింగళి నాగేంద్రరావు గారి మాట వినపడకపోతే ఈ సినిమా ఎందుకండీ? ‘అస్మదీయులు, తస్మదీయులు’ అన్నప్పుడు నవ్వు రావాలంటే ప్రతి అక్షరం తెలియాలి.

రంగుల ప్రతిలో మోనో (ఒకే ఛానల్) శబ్దాన్ని సరౌండ్ (చుట్టూ బాక్సుల నుంచి వచ్చేది) చేశారు. సరౌండ్‌లో మాటలు ఎక్కువగా మధ్య ఛానల్లో ఉంటాయి. లాప్‌టాప్ నుంచి రెండు బాక్సులకే వైరు లాగి, ప్లేయర్ కుడి, ఎడమ ఛానళ్ళే పంపితే సంగీతం మోగుతుంది, మాట పీలగా వస్తుంది. ఆడియో సెట్టింగులో స్టీరియోకి డౌన్‌మిక్స్ పెట్టాలి, అంటే అన్ని ఛానళ్ళనీ ఆ రెండింట్లోకి కలపాలి. పాత ప్రతికి ఈ బాధ లేదు. మోనోని తెర కింద, మధ్యలో, ఒకే మంచి బాక్సు నుంచి వినిపించండి. గోడలకి అటొకటి ఇటొకటి పెడితే ఖాళీ హాల్లో మాట రెండుసార్లు వినిపించినట్టు మోగుతుంది.

ఇంకోటి, చాలామంది గమనించనిది: నిడివి. ఫైలు 177 నిమిషాలు చూపిస్తే కంగారుపడి కోత పడిందనుకోకండి. సెకనుకి 24 ఫ్రేములది 25తో నడిపితే 184 కాస్తా 177 అవుతుంది. పోయింది దృశ్యం కాదు, వేగం పెరిగింది. దాంతో శ్రుతి ముప్పాతిక అరస్వరం దాకా పైకి వెళ్ళి ఘంటసాల గారి గొంతు సన్నబడుతుంది. వీఎల్‌సీ ప్లేయర్‌లో వేగం 0.96 పెట్టి, ఆడియోలో టైమ్ స్ట్రెచింగ్ ఆపేయండి. ఆపకపోతే వేగం తగ్గుతుంది గానీ శ్రుతి అక్కడే ఉంటుంది. 174 నిమిషాలది కనిపిస్తే అది తమిళ మాయాబజార్, అభిమన్యుడు జెమినీ గణేశన్.

కాలవగట్టు:
177 కూడా కాకుండా ఇంకా తక్కువుంటే అది కోసిన ప్రతే, వద్దు. కె.వి.రెడ్డి గారు రిహార్సల్స్‌లోనే స్టాప్‌వాచ్ పెట్టి సన్నివేశం నిడివి తేల్చుకునేవారు. ఆయన సినిమాలో ఎవరో తర్వాత మిగులు అని తీసేయడానికి ఏమీ ఉండదు.

బ్రాడీపేట_4వలైను:
పిల్లలు లేస్తారన్న దానికి మాత్రం ఎవరూ జవాబు చెప్పలేదు.

గాంధీనగర్_రీలుపెట్టె:
చెప్తాను. రెండు సాయంత్రాలు వేయండి, 92 నిమిషాల చొప్పున. మొదలయ్యే ముందు ఐదు నిమిషాలు పేర్లు చెప్పండి: నిర్మాత చక్రపాణి గారిది మన తెనాలి అని, సావిత్రి గారిది మన చిర్రావూరు అని. శశిరేఖ ప్రియదర్శిని పెట్టె తెరిచే దృశ్యం మొదట్లోనే వస్తుంది. ‘మనసుకి నచ్చినది చూపించే పెట్టె, కనిపెట్టండి’ అని ముందే అంటే ఆ వయసు పిల్లలు కళ్ళు తిప్పరు.

బ్రాడీపేట_4వలైను:
రెండు సాయంత్రాలయితే నాకూ సమ్మతమే. ఎనిమిదేళ్ళ లోపు వాళ్ళకి మాత్రం రంగులదే వేయాలన్నది మార్చుకోను.

కాలవగట్టు:
హక్కుల మాట కూడా చూసుకోండి. సినిమాకి కాపీరైటు విడుదలైన ఏడాది తర్వాతి నుంచి 60 ఏళ్ళు. 1957 సినిమాకి అది 2017తో ముగిసింది. రచనకి లెక్క వేరు, రచయిత పోయాక 60 ఏళ్ళు. పింగళి గారు పోయింది 1971లో, అంటే అది 2031 దాకా ఉంటుంది. 2010 రంగుల ప్రతి మరో పని. టిక్కెట్టు లేకపోయినా హక్కుదారు నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోవడం మంచిది.

పటమట_పుస్తకాలగది:
నలుపు-తెలుపు, రెండు సాయంత్రాలు. నల్ల గుడ్డ నాలుగున్నర అడుగుల పొడవు ముక్కలు రెండు చాలు కదా?

గాంధీనగర్_రీలుపెట్టె:
ఐదు అడుగులవి తీసుకోండి, పైన మడిచి కుట్టాలి. కింద అంచులో ఒక కర్ర దూర్చండి, ఫ్యాను గాలికి ఊగకుండా.