రాష్ట్రపతి గారికి ఉత్తరం తెలుగులో రాస్తే తీసుకుంటారా?

గోదారిగట్టు:
అందరికీ నమస్తే. మా తాతయ్య గవర్నమెంటు టీచరు, రిటైరయ్యాక పోయారు. మామ్మకి రావాల్సిన ఫ్యామిలీ పెన్షన్ పదకొండు నెలలుగా ఆగిపోయింది, పీపీఓలో (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వులో) పేరుకీ ఆధార్‌లో పేరుకీ ఒక అక్షరం తేడా అట. వెళ్ళినప్పుడల్లా ఒకరోజు సారు లేరు, ఇంకోరోజు సర్వర్ లేదు. విసిగిపోయి మామ్మ నిన్న రాత్రి నా పాత నోట్‌బుక్‌లో కాగితాలు చింపి ద్రౌపది ముర్ము గారికి నాలుగు పేజీల ఉత్తరం రాసేసింది. "మీరూ ఒకప్పుడు పంతులమ్మగా చేశారట, మా బాధ మీకు తెలియనిదా" అని మొదలు. తన పెళ్ళి తేదీ, తాతయ్య మొదటి జీతం కూడా ఉన్నాయి. ఇంగ్లీషులో రాసిపెడతానంటే "నా గోడు నా భాషలో చెప్పుకుంటా, నీకెందుకు" అంటోంది. ఇది పంపొచ్చా? అడ్రస్ ఏం రాయాలి?

పాతతపాలా:
పంపండి. "గౌరవనీయ రాష్ట్రపతి గారు, రాష్ట్రపతి భవన్, న్యూఢిల్లీ 110004", అంతే చాలు. 'మహామహిమ' లాంటివి అక్కర్లేదు, ప్రణబ్ ముఖర్జీ గారు 2012లోనే వాటిని పక్కన పెట్టించారు. రిజిస్టర్డ్ పోస్ట్ అని అడగకండి, 2025 సెప్టెంబర్ నుంచి దాన్ని స్పీడ్ పోస్ట్‌లో కలిపేశారు. స్పీడ్ పోస్ట్ చేసి రసీదు దాచండి, దాని మీద నంబర్‌తో కవరు ఎక్కడిదాకా వెళ్ళిందో చూసుకోవచ్చు. ఇక భాష సంగతి, మామ్మగారిదే రైటు. రాజ్యాంగం 350వ అధికరణ ప్రకారం కేంద్రంలోగానీ రాష్ట్రంలోగానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అర్జీ పెట్టుకోవచ్చు.

నిజంచెప్పాలంటే:
ఇదంతా టైమ్ వేస్ట్ అండీ. రాష్ట్రపతి మంత్రిమండలి సలహా మీదే నడుచుకోవాలి, మీ మామ్మగారి పెన్షన్ మీద ఆవిడ సంతకం పెట్టరు. టీచరు పెన్షన్ అంటే రాష్ట్ర ప్రభుత్వానిది కాబట్టి ఆ ఉత్తరం అమరావతికి పంపిస్తారు, అక్కడి నుంచి తిరిగి తిరిగి మిమ్మల్ని తిప్పుతున్న ఆ ఆఫీసుకే వస్తుంది.

బొల్లారంవాసి:
వస్తుంది, నిజమే, కానీ పైనుంచి ఒక నంబర్ వేసుకుని వస్తుంది కదా! మా అత్తగారి విషయంలో జరిగిందదే. నాలుగు నెలలకి, ఏడాదిగా మా ముఖం కూడా చూడని గుమస్తానే ఫోన్ చేసి "అమ్మా, పైకి రాశారేంటి, ఇక్కడ చెప్తే సరిపోయేదిగా" అన్నాడు. కడుపు మండింది కానీ పని అయింది. కాబట్టి ఉత్తరం రాష్ట్రపతి గారి పేరున రాసినా, చివరికి చదివేది ఆ గుమస్తానే అనుకుని రాయండి. ఒక్క పేజీ చాలు. పైన పీపీఓ నంబర్, ఫోన్ నంబర్, పెన్షన్ ఏ నెల నుంచి ఆగింది, ఏ తేదీన ఎవరికి అర్జీ ఇచ్చారు, ఇప్పుడు ఏం చేయాలి. పీపీఓ, ఆధార్ జిరాక్సులే పెట్టండి, ఒరిజినల్స్ పొరపాటున కూడా పంపకండి. కోర్టులో కేసు ఉంటే మాత్రం దీనివల్ల ఉపయోగం లేదు. ఈలోగా సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి, ఆ రసీదు జిరాక్స్ కూడా ఈ కవర్‌లో పెడితే కింద ఎవరూ పట్టించుకోలేదని దానంతట అదే తెలుస్తుంది. కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల వెబ్‌సైట్ పీజీ పోర్టల్‌లో ఆన్‌లైన్‌గా కూడా పెట్టొచ్చు, మీ మామ్మగారు ఒప్పుకుంటే.

గోదారిగట్టు:
అందరికీ థ్యాంక్స్. ఆన్‌లైన్ అంటే మామ్మ ససేమిరా అంది. గంటన్నర బతిమాలితే నాలుగు పేజీలు ఒకటిన్నర అయ్యాయి. తాతయ్య మొదటి జీతం తీసేసింది గానీ, పంతులమ్మ వాక్యం జోలికి మాత్రం రానివ్వలేదు. సోమవారం కలెక్టరేట్, అట్నుంచటే పోస్టాఫీసు.