ఇఫిజెనియాను బతికించాలా? అమ్మాయి గొంతుతో గ్రీకు పురాణం

కిటికీపక్కసీటు:
మా అమ్మాయి తొమ్మిదో తరగతి. టీనేజ్ పిల్లల కోసం రాసిన గ్రీకు పురాణ నవల ఒకటి చదువుతూ పోయిన వారం సగంలో మూసేసింది. కథ ఇఫిజెనియాది. తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెబుతాను. ట్రాయ్ మీదకు వెళ్ళాల్సిన గ్రీకు ఓడలు ఆలిస్ రేవులో ఆగిపోతాయి. సేనాపతి ఆగమెమ్నాన్ తన కూతురు ఇఫిజెనియాను ఆర్టెమిస్ దేవతకు బలి ఇస్తేనే ఓడలు కదులుతాయని జోస్యుడు చెబుతాడు. ఆగమెమ్నాన్ 'గ్రీకు వీరుడు అకిలిస్‌తో పెళ్ళి' అని ఇంటికి అబద్ధపు ఉత్తరం రాసి పిల్లను రప్పిస్తాడు. ఈ నవలలో ఆ పిల్ల కత్తి లాక్కుని, కాపలావాళ్ళను పడగొట్టి పారిపోతుంది. "అమ్మా, ఆ కాలం పిల్ల ఇలా మాట్లాడుతుందా? మా క్లాసమ్మాయిలా ఉంది" అంది మా పిల్ల.

నాకూ అదే అనిపించింది. పాత కథను అమ్మాయి కళ్ళతో చెప్పడం నాకు ప్రాణం. కానీ ముగింపు మార్చి, మన మాటలు ఆమె నోట్లో పెట్టేస్తే ఇక అవి ఆమె కళ్ళెలా అవుతాయి? మార్చకూడదని నా పక్షం. మీరేమంటారు?

గోదారిగట్టు:
దేన్ని మార్చకూడదంటారండీ? ట్రాయ్ యుద్ధం మీద హోమర్ కావ్యం ఇలియడ్‌లో ఈ బలి ఊసే లేదు. క్రీ.పూ. 458 నాటి ఎస్కిలస్ నాటకంలో ఆమెను బలి ఇచ్చేస్తారు. టారిస్ కథగా యురిపిడిస్ రాసిన నాటకంలో ఆర్టెమిస్ చివరి క్షణంలో ఆమె బదులు జింకను పెట్టి, ఆమెను నల్ల సముద్రం ఒడ్డున ఉన్న టారిస్‌కు చేరుస్తుంది. గ్రీకులే ఎవరికి కావలసినట్టు వాళ్ళు చెప్పుకున్నారు. ఇప్పటి రచయిత్రికి మాత్రం ఎందుకు ఆంక్ష?

పలకాబలపం:
మార్చుకోనివ్వండి. కానీ అట్ట మీద 'చారిత్రక నవల' అని వేసుకున్నాక ఆ కాలానికి జవాబు చెప్పాలి. ఆ కాలపు గ్రీకులు మట్టి పలకల మీద రాసిన లీనియర్ బి లిపిని 1952లో మైకేల్ వెంట్రిస్ ఛేదించాడు. గ్రీసులోని పైలోస్ రాజభవనం క్రీ.పూ. 1200 ప్రాంతంలో తగలబడినప్పుడు ఆ పలకలు మంటకు కాలి గట్టిపడి మనదాకా వచ్చాయి. నేతపని, నారపని చేసే ఆడవాళ్ళు ఎందరు, వాళ్ళ ఆడపిల్లలు, మగపిల్లలు ఎందరు, వాళ్ళకు ధాన్యమెంత, అంజూర పళ్ళెన్ని అని లెక్క రాసి ఉంది. ఆడవాళ్ళ పేర్లు లేవు. మిలేటస్ వాళ్ళు, క్నిడోస్ వాళ్ళు అని ఊళ్ళ పేర్లతో గుంపులు గుంపులుగా రాశారు. రాజుగారి కూతురు అనే పిల్లకు రోజూ కళ్ళెదుట కనిపించేది వీళ్ళే కదా. ఈ తరహా నవలల్లో వీళ్ళు నాకు ఎప్పుడూ కనిపించరు. నా కోపం అక్కడ.

తులసికోట:
అక్కా, నాకు పదిహేడేళ్ళు. ఆలిస్ మీద యురిపిడిస్ రాసిన నాటకం ఇంగ్లీషులో చదివాను. ముందు ఆమె తండ్రి కాళ్ళ మీద పడుతుంది. మిమ్మల్ని మొదట నాన్నా అని పిలిచింది నేనే అంటుంది. గొప్పగా చావడం కంటే ఎలాగోలా బతకడమే మేలంటుంది. కాసేపటికే మాట మార్చి నేనే వెళ్తానంటుంది. పదివేల మంది ఆడవాళ్ళ కంటే ఒక్క మగవాడు బతికి ఉండటమే ముఖ్యమని కూడా అంటుంది. అక్కడ నాకు కడుపులో తిప్పింది. మన ఇళ్ళలో అడిగేదీ ఇదే కదక్కా. తమ్ముడి ఫీజు కట్టాలి, నువ్వు ఈ ఏడాది సర్దుకో. నవ్వుతూ సర్దుకుంటే బంగారుతల్లి. అందుకే ఆమె చేతికి కత్తి ఇచ్చిన పుస్తకం నాకు కావాలి. నమ్మబుద్ధి కాకపోయినా కావాలి.

కిటికీపక్కసీటు:
తులసికోటా, నీ మాట చదివాక రాత్రి నిద్ర పట్టలేదమ్మా. లేచి ఆ నాటకం మళ్ళీ తీశాను. ఆ మార్పు అతకలేదని అరిస్టాటిలే అన్నాడు. కానీ ఆ రెండు మాటల మధ్య ఏం జరిగిందో చూడు. అకిలిస్ వస్తాడు. ఆమెను కాపాడతానంటే సైన్యం తనను రాళ్ళతో కొట్టబోయిందని, అందరికంటే ముందు తన మనుషులే ఎదురు తిరిగారని చెబుతాడు. ఇంకో గ్రీకు నాయకుడు ఒడిసియస్ వస్తున్నాడంటాడు. పిల్లను ఈడ్చుకుపోతాడా అని తల్లి అడిగితే, 'జుట్టు పట్టుకుని మరీ' అంటాడు. ఆ పిల్ల పక్కనే నిలబడి ఇదంతా వింటోంది. ఇక ఆమె చేతిలో మిగిలింది ఒక్కటే, ఈడ్చుకుపోయేదాకా ఆగడమా, తానే నడవడమా అన్నది. పదివేల మంది ఆడవాళ్ళ మాట ఆమె మనసులోదా, పుట్టినప్పటి నుంచి చెవిలో పడినదా? నాటకం ఇది చెప్పదు. అది రాసిందీ మగవాడే, క్రీ.పూ. 405లో ఏథెన్స్‌లో ముఖానికి ముసుగు తగిలించుకుని పలికిందీ మగవాడే. అక్కడే నవలకు చోటుంది.

ఎస్కిలస్ దగ్గరైతే, ఇంటిని శపిస్తుందేమోనని ఆమె నోరు కట్టేస్తారు. కుంకుమపువ్వు రంగు బట్ట నేలకు జారుతుంది. చంపుతున్న ఒక్కొక్కరి వైపూ చూస్తుంది. తండ్రి విందుల్లో ఎన్నోసార్లు పాడిన పిల్ల అది. ఆ చూపులో ఏముందో నాకు చదవాలని ఉంది. కత్తి ఇచ్చేస్తే ఆ చూపు మనకు దక్కదు.

మల్లెపందిరి:
మా అమ్మమ్మ 'ఊర్మిళాదేవి నిద్ర' పాడేది. పద్నాలుగేళ్ళ నిద్రలోంచి లేచిన ఊర్మిళ లక్ష్మణుణ్ణి పరాయి మగవాడనుకుని నిలదీస్తుంది. మా నాన్నకు తెలిస్తే ఊరుకోడు అంటుంది. రామాయణం ఎక్కడికీ పోలేదు. పాట కట్టినవాళ్ళు ఆమె గదిలోకి వెళ్ళి, ఆమె చేత మాట్లాడించారు. నాకు అది చాలు.

తులసికోట:
అందరూ చెప్పింది ఒప్పుకుంటాను. కానీ మాట్లాడినా, చూసినా చివరికి చచ్చిపోతుంది కదా. పదమూడేళ్ళ పిల్ల ఆ పుస్తకం మూసి ఏం చేయాలి?

కిటికీపక్కసీటు:
మార్చకూడదన్న మాట వెనక్కి తీసుకుంటున్నానమ్మా. గోదారిగట్టు గారు చెప్పిన టారిస్ నాటకం నేనూ మా పిల్లా కలిసి చదివాం. ఇఫిజెనియా బతికే ఉంటుంది. కానీ ఆమెకు అప్పగించిన పని ఏంటో తెలుసా? ఆ ఒడ్డుకు వచ్చిన గ్రీకులను బలికి సిద్ధం చేయడం. తనకు జరిగినది తన చేత చేయిస్తున్నారు. ఆలిస్‌లో నాన్న ముందు జాలి కోసం చూపించిన పసి తమ్ముడు ఒరెస్టిస్ పెద్దవాడై అక్కడికే బందీగా వస్తాడు. ఇద్దరూ ఒకరినొకరు గుర్తుపట్టరు.

ఆమె దగ్గర ఇంటికి పంపాలని దాచుకున్న ఉత్తరం ఉంటుంది. ఓడ మునిగితే ఉత్తరం పోతుందని, తీసుకెళ్ళే పిలడీస్‌కు, అంటే ఒరెస్టిస్ స్నేహితుడికి, కంఠతా వచ్చేలా పైకి చెబుతుంది. ఆలిస్‌లో బలైన ఇఫిజెనియా బతికి ఉండి పంపుతున్న మాట ఇది, అని. పక్కనే నిలబడి తమ్ముడు వింటాడు. బతికించడమంటే ఇలా బతికించాలి తులసికోటా. నువ్వు అడిగిన ప్రాణం ఉంది, ఆలిస్‌లో జరిగిందేదీ చెరిగిపోలేదు.

ఆ ఉత్తరం ఆమె చేత్తో రాసింది కూడా కాదు. బలికి వచ్చిన బందీ ఒకడు, తన చావు ఆమె తప్పు కాదని నమ్మి, జాలిపడి రాసిపెట్టాడు. మా పిల్ల అక్కడ ఆగి, "అతని పేరేంటమ్మా?" అంది. నాటకమంతా వెతికాం. పేరు లేదు.