మూడో తరగతి పిల్లలకు ఇంగ్లీషు స్పెల్లింగ్ సూత్రాలు చెప్పాలా, పదాలు కంఠస్థం చేయించాలా?

ప్రశ్న (ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు, ఉప్పల్)

నేను ఉప్పల్ దగ్గర ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో మూడో తరగతికి ఇంగ్లీషు చెబుతున్నాను. 2022-23లో మన ప్రభుత్వ బడులకు ఇంగ్లీషు మీడియం వచ్చినప్పటి నుంచి పిల్లలు చదవడంలో కొంత ముందుకు వచ్చారు గాని, శనివారం పది పదాల డిక్టేషన్ పెట్టిన ప్రతిసారీ నాకు అవే తప్పులు కనిపిస్తున్నాయి. ‘మేకింగ్’ రాసేటప్పుడు ‘మేక్’ చివరి ఇ అక్షరాన్ని తీసేయకుండా దానికే ఐ-ఎన్-జి తగిలిస్తారు, ‘సిట్టింగ్’కు ఒక్క టి తో సరిపెడతారు, ‘బస్’ చివర మాత్రం అడగకుండానే రెండు ఎస్‌లు రాస్తారు.

సూత్రాలు నేర్పితే బాగుంటుందని, ‘ఇ కంటే ముందు ఐ, సి తర్వాత మాత్రం తారుమారు’ అనే సూత్రాన్ని పాటలాగా వల్లె వేయించాను. మర్నాడే ఒక అమ్మాయి వాళ్ల అన్న పుస్తకం తెచ్చి, అట్ట మీది ‘సైన్స్’ అనే మాటలో సి పక్కనే ఐ, దాని తర్వాత ఇ ఉన్నాయి కదా టీచర్ అని అడిగింది. ఆ తర్వాత ‘హాప్’, ‘హోప్’ బోర్డు మీద రాసి, మొదటిది హ్రస్వం, రెండోది దీర్ఘం అని చెప్పబోతే, పిల్లలు వాటి కింద తెలుగులో రాసుకుని రెండూ దీర్ఘాలే కదా అన్నారు. సూత్రాలు మానేసి కంఠస్థమే చేయించమంటారా?

సమాధానం 1 (విశ్రాంత ఉపాధ్యాయుడు, సికింద్రాబాద్)

టీచర్ గారూ, ఆ అమ్మాయిని మెచ్చుకోండి. ‘సైన్స్’ ఒక్కటే కాదు, ‘హైట్’, ‘నైబర్’, ‘దెయిర్’ వంటి రోజువారీ మాటలు కూడా ఆ సూత్రానికి లొంగవు కనుక, నేను దాన్ని ప్రాథమిక తరగతుల్లో చెప్పడం ఎప్పుడో మానేశాను. అలాగని సూత్రాలన్నిటినీ మానేయనక్కరలేదు. గుణింతాలు, ఒత్తులు వచ్చిన తెలుగు పిల్లవాడు విన్న మాటను దాదాపు విన్నట్టే రాయగలడు. ఆ నమ్మకంతోనే అతడు ఇంగ్లీషులోకి వస్తాడు. అక్కడ 26 అక్షరాలు సుమారు 44 ధ్వనులను మోయవలసి ఉంటుంది కనుక ఆ నమ్మకం మొదటి వారంలోనే దెబ్బ తింటుంది. నిలకడగా పనిచేసే నాలుగైదు సూత్రాలు చేతికిస్తే మళ్లీ కాస్త ధైర్యం వస్తుంది.

హల్లును ఎప్పుడు రెట్టించాలో చెప్పడానికి నేను వాడేది మన చుట్టరికాల పిలుపులనే. అక్క, అమ్మ, అన్న, అత్త, అవ్వ అన్నప్పుడు మొదటి అచ్చు పొట్టిది, దాని వెనుక ద్విత్వం ఉంటుంది. తాత, మామ, బావ అన్నప్పుడు మొదటి అచ్చు పొడుగు, వెనుక హల్లు ఒక్కటే. ఇంగ్లీషులో ‘సిట్’కు ఐ-ఎన్-జి చేర్చినప్పుడు టి రెండవడం అక్క వరుస, ‘బైట్’ చివరి ఇ పోయి, ‘బైటింగ్’లో ఒకే టి మిగలడం తాత వరుస. ఇంగ్లీషు వారు ఆ రెండు టి లను మనలా ఒత్తి పలకరు. వాళ్లకు అది ముందున్న అచ్చును సాగదీయవద్దని చెప్పే గుర్తు మాత్రమే. మనం ‘రన్నింగ్’, ‘సిట్టింగ్’, ‘డిన్నర్’ అని ఒత్తే పలుకుతాం కాబట్టి ఈ మాటల్లో మన ఉచ్చారణే స్పెల్లింగుకు సాయం చేస్తుంది. ‘బస్సు’, ‘పెన్ను’ అనే అలవాటు మాత్రం ఎదురు తిరుగుతుంది. మీ పిల్లలు రాసే ఆ అదనపు ఎస్ అక్కడి నుంచి వచ్చిందే.

‘హాప్’, ‘హోప్’ జంటను మాత్రం ఇప్పుడే ముట్టుకోకండి. ఇంగ్లీషులో పొట్టిదనుకునే ఆ అచ్చును మనం తెలుగు లిపిలో దీర్ఘంతోనే రాస్తాం కనుక పిల్లల సందేహం న్యాయమైనదే. ‘క్యాప్’, ‘ట్యాప్’లతోనూ అదే చిక్కు. సిట్, డిగ్, కట్, రన్ వంటి వాటితో మొదలుపెట్టండి.

సమాధానం 2 (ఒక తల్లి, దిల్‌సుఖ్‌నగర్)

పెద్దవారు చెప్పినదానిని కాదనడం లేదు. మా అబ్బాయి స్పెల్లింగ్ సూత్రాలన్నీ గడగడా అప్పజెబుతాడు, కాని సొంతంగా ఒక వాక్యం రాయమంటే తప్పు పోతుందన్న భయంతో తనకు స్పెల్లింగ్ తెలిసిన నాలుగు మాటలతోనే సరిపెట్టుకుంటాడు. డిక్టేషన్ పుస్తకంలో ఎర్ర ఇంకు గీతలు కొంచెం తగ్గించి, కథల పుస్తకాలు చదివించే గంట పెంచితే మేలని నా అభిప్రాయం.

సమాధానం 3 (భాషాశాస్త్ర విద్యార్థి, తార్నాక)

సి అక్షరం గురించి ఒక మాట చేరుస్తాను. ఎ, ఓ, యు ముందు అది ‘క’ లాగా, ఇ, ఐ, వై ముందు ‘స’ లాగా పలుకుతుంది: క్యాట్, కాట్, కట్ ఒక వైపు, సెంట్, సిటీ, సైకిల్ ఇంకో వైపు. ఇది పిల్లలకు వింతగా తోచనక్కరలేదు, ఎందుకంటే వాళ్ల నోటిలోని ‘చ’ కూడా ఇదే పని చేస్తుంది. చాప, చుట్టం, చొక్కా అన్నప్పటి ‘చ’ను, చీమ, చెట్టు, చేను అన్నప్పటి ‘చ’ను వరుసగా పలికించి, నాలుక ఎక్కడ తగులుతున్నదో గమనించమనండి, మొదటి మూడింటిలో పళ్ల దగ్గర, తర్వాతి వాటిలో కాస్త వెనక్కి తగులుతుంది. అక్షరం ఒక్కటే, పక్కనున్న అచ్చును బట్టి ధ్వని మారుతోంది. చంద్రుడు వంటి సంస్కృత పదాలు దీనికి లొంగవు కనుక తరగతిలో వాటిని పక్కన పెట్టండి. జి అక్షరానికి కూడా ఇలాంటి సూత్రమే చెబుతారు గాని, ‘గెట్’, ‘గివ్’, ‘గర్ల్’ వంటి మొదటి పాఠాల మాటలే దాన్ని కాదంటాయి కనుక ఈ వయసులో దాని జోలికి వెళ్లవద్దు.

‘నైఫ్’ మొదట్లో కె ఎందుకని ఎవరైనా అడిగితే, ఒకప్పుడు ఆ కె ని నిజంగానే పలికేవారని చెప్పండి. 1476లో విలియం కాక్స్టన్ అనే ముద్రాపకుడు ఇంగ్లండులో అచ్చుయంత్రం పెట్టిన తర్వాత స్పెల్లింగులు క్రమంగా స్థిరపడ్డాయి, పలుకుబడి మాత్రం మారుతూనే పోయింది. మనం ‘జ్ఞానం’ అని రాసి ‘గ్నానం’ అని పలకడం లేదా?

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. మూడు వారాలుగా గోడ మీద రెండు నిలువు వరుసలు పెట్టి, అక్క వరుస, తాత వరుస అని పేర్లు రాశాను. కొత్త మాట వచ్చినప్పుడల్లా పిల్లలే చీటీ మీద రాసి అంటిస్తున్నారు. రెండో రోజే వెనుక బెంచీ నుంచి ఒకడు లేచి, ‘మరి నాన్న?’ అన్నాడు. దీర్ఘమూ ఉంది, ద్విత్వమూ ఉంది. నా దగ్గర జవాబు లేక రెండు వరుసల మధ్య గోడ మీద ‘నాన్న’ అని రాసి ఉంచాను. ఇప్పుడు ఏ వరుసలోనూ ఇమడని మాటలన్నీ, ‘సైన్స్’తో సహా, ఆ నాన్న కిందికే చేరుతున్నాయి.

మొన్నటి శనివారం ‘సిట్టింగ్’లో రెండు టి లు చాలామంది రాశారు. ‘మేకింగ్’లో ఇ పోయింది గాని, ‘కమింగ్’లో ఇంకా మిగిలే ఉంది. అక్కడ అచ్చు పొట్టిగా వినిపిస్తున్నా ఎం ఒక్కటే కదా, దాన్ని కూడా నాన్న కిందనే పెట్టమంటారా?