నరం లేని నాలుకా, ఎముక లేని నాలుకా?

అవ్వ మనవరాలు (తిరుపతి): ఆంత్రపాలజీ చదువుతున్నాను. ఈ వారం క్లాసులో హయాయిడ్ చేతికిచ్చారు. నాలుక మొదట్లో ఉండే చిన్న ఎముక, గుర్రపు లాడం ఆకారంలో ఉంటుంది. అది పట్టుకున్నప్పటి నుంచి మా అవ్వ మాటొకటి వదలడం లేదు. "ఎముక లేని నాలుక..." అని మొదలుపెట్టి, చివర 'కొంప' అనేది వచ్చేట్టు ముగించేది. నడిమి భాగం మరిచిపోయాను. మాది పలమనేరు దగ్గర. ఎవరికైనా పూర్తిగా తెలుసా?

కొర్లగుంట మాస్టారు: అది నరం, తల్లీ. "నరం లేని నాలుక ఎటైనా తిరుగుతుంది." ఎముక అని ఎక్కడా వినలేదు.

పుత్తూరాయన: నాలుక నిండా నరాలే కదండీ. కొరుక్కున్నోడిని అడగండి.

కొర్లగుంట మాస్టారు: మీరు డాక్టరు చెప్పే నరాన్ని తలుచుకుంటున్నారు. రక్తం పారే సిర, కండను పట్టి ఉంచే స్నాయువు, నొప్పి తెలిపే నాడి, అన్నీ మనకు నరాలే. చేతి మీద పచ్చగా తేలేదీ నరమే, పిక్కలో పట్టేసేదీ నరమే. సామెతలోది స్నాయువు. అదుపులో పెట్టేది లేదని భావం.

నగరి బస్టాండు: మాస్టారికే నా ఓటు. తమిళంలోనూ 'నరంబిల్లాద నాక్కు' అనే అంటారు.

వి కోట రోడ్డు: కన్నడంలో 'ఎలుబిల్లద నాలిగె'. ఎలుబు అంటే ఎముకే. పలమనేరు అవ్వ నోట ఎముక రావడంలో వింతేముంది? జిల్లాలో నరం తమిళం వైపు నుంచి, ఎముక కన్నడం వైపు నుంచి వచ్చాయి. గీత గీసి చూపిస్తా కావాలంటే.

కొర్లగుంట మాస్టారు: గుంటూరోళ్ళూ నరమే అంటారు. వాళ్ళకు ఏ నగరి నుంచి పోయింది?

అవ్వ మనవరాలు: నాలుకలో ఎముక లేని మాట నిజమే గానీ, దాని కండల్లో కొన్ని ఈ హయాయిడ్‌నే పట్టుకుని ఉంటాయి. దీనికేమో వేరే ఏ ఎముకతోనూ కీలు లేదు. మా అవ్వకు ఇది తెలిసుంటే సామెత ఇంకా పొడుగయ్యేది.

జల్లెడ (ఫోరెన్సిక్‌లో పనిచేసి రిటైరు): క్లాసులో శుభ్రంగా ట్రేలో పెట్టి ఇస్తారమ్మా. మట్టిలోంచి తీసేటప్పుడు జల్లెడ పట్టకపోతే ముందు పోయేది అదే. చిన్న వయసు వాళ్ళలో నడిమి ముక్క, రెండు పెద్ద కొమ్ములు ఇంకా అతుక్కుని ఉండవు. కొత్తవాళ్ళు విడిగా దొరికిన కొమ్మును కోడి ఎముక అని పక్కన పడేస్తారు, లేదా 'విరిగింది' అని రాసేస్తారు. రాసేముందు అంచు చూడు. అతుకు పడని అంచు నున్నగా ఉంటుంది. విరిగిన అంచు మిగతా ఎముక కన్నా తెల్లగా ఉంటే అది మన పార దెబ్బే కావచ్చు. ఇంకో మాట, హయాయిడ్ విరిగినంత మాత్రాన గొంతు నులిమినట్టూ కాదు, విరగనంత మాత్రాన నులమనట్టూ కాదు.

పుత్తూరాయన: విరగడం అంటే మా ఊరి సబ్జెక్టు! సార్, పుత్తూరు కట్టు కట్టించుకున్న చెయ్యి అస్థిపంజరంలో తెలుస్తుందా?

జల్లెడ: విరిగి అతికినట్టు తెలుస్తుంది. అతుకు దగ్గర ఎముక బొడిపె కట్టి ఉంటుంది. వంకరగా అతికితే మాకు ఇంకా మేలు, పాత ఎక్స్‌రే పక్కన పెట్టి మనిషిని పోల్చుకోవచ్చు. ఆకు పసరు, కోడిగుడ్డు సొన వేసి వెదురు బద్దలు కట్టారా, ఆస్పత్రిలో సిమెంటు కట్టు వేశారా అన్నది మాత్రం ఎముక చెప్పదు.

పుత్తూరాయన: చెప్పకపోతే మాకే నష్టం :)

తరుణాస్థి: ఎముకల దగ్గరికి వచ్చారు కాబట్టి చెప్తున్నా. సుశ్రుతుడి లెక్క 300, చరకుడిది 360. నేటి పెద్దల లెక్క 206. సుశ్రుతుడు పళ్ళనూ మెత్తటి తరుణాస్థులనూ కలిపి లెక్కపెట్టాడు, తేడాలో కొంత దానివల్లే.

నగరి బస్టాండు: నాలుకను కలిపాడా?

తరుణాస్థి: లేదు.

కొర్లగుంట మాస్టారు: ఎముక లేనిది నాలుక ఒక్కటేనా? తొండమో? శ్రీకాళహస్తి కథలో పాము పోయి ఏనుగు తొండంలోనే దూరింది. ధూర్జటి ఆ ఘట్టం దగ్గరికి వచ్చేసరికి ఎవరి పక్షమో తేల్చుకోలేం, పాముదీ భక్తే, ఏనుగుదీ భక్తే. తానూ అష్టదిగ్గజాల్లో ఒకడు కదా, ఏనుగు బాధ ఆయనకు తెలియదా? మా కాళహస్తి గడ్డ మీద అంతటి కవి మళ్ళీ...

వి కోట రోడ్డు: మాస్టారూ, తొండంలో బెజ్జాలుంటే పాము దూరింది. ఎముకతో ఏం పని?

జల్లెడ: ఏనుగు పుర్రె చూస్తే నడిమధ్య పెద్ద బెజ్జం ఒకటే కనబడుతుంది. తొండం మొదలయ్యే చోటు అది. తెలియనివాళ్ళు ఒంటికన్ను అనుకుంటారు. మనిషి పుర్రెలో ముక్కు బెజ్జం పైన చిన్న ఎముకలు రెండు మిగులుతాయి, కింద అంతా తరుణాస్థి కాబట్టి పోతుంది.

కొర్లగుంట మాస్టారు: చూశారా! ధూర్జటి మీద వేరే పోస్టు పెడతాను, అందరూ అక్కడికి రండి.

వి కోట రోడ్డు: వస్తాం గానీ, 'ఎలుబిల్లద'కు జవాబు ఇంకా రాలేదు.

కొర్లగుంట మాస్టారు: గుంటూరుకు మీరు చెప్పారా?